నా తుంటికి తొమ్మిదిమంది సాక్షులు

హలో… ఆ, నేనే. నేనేరా బావమరిదీ! కాకపోతే ఏ నేను కావాలో చెప్పు. ఈ గదిలో నాతో కలిపి పదిమంది నేనులున్నారు.

… లేదు, ఎండదెబ్బ తగల్లేదు. కాలేజీ స్టోరులో ఉన్నా. ఏడాదికొకటి చొప్పున పిల్లలు చేసిన నా బొమ్మలు, ప్లాస్టరువి, తొమ్మిదీ వరసగా కూర్చుని ఉన్నాయి. ఎంత హాయిగా కూర్చున్నాయో! అసలువాడు మాత్రం గోడకి చేరబడి నిలబడ్డాడు.

… ఏడుసార్లు ఫోను చేశాను. ఏడ్చి ఏడ్చి ఏడుసార్లు. నువ్వెత్తవేం? … ఎవరి మెడో నీ చేతిలో ఉందా? ఇప్పుడు వదిలేశావు కదా? … బతికే ఉన్నాడు కదా? మంచిది. ఆ చేత్తోనే నా తుంటి సంగతి చూడు.

… నవ్వకు. ఒరేయ్, నవ్వకు. నా గొంతే అంత, ఏడ్చినా మైకులో జోకు చెప్పినట్టుంటుంది. మీ అక్క కూడా పెళ్ళయిన కొత్తలో ఇలాగే మోసపోయింది.

— టైం లేదు. భోజనాల బెల్లయింది. ముప్పావుగంటలో మళ్ళీ బల్లెక్కి కూర్చోవాలి. ఈలోపు నువ్వొక పని చెయ్యాలి. కాదనకూడదు. దాయాది చావ కోరతాడు, బావమరిది బతక కోరతాడు అన్నారు. నేను బతకాలంటే…

నన్ను మళ్ళీ వంకర చెయ్యి.

… వంకర. వంకరేరా! ఐదు వారాల క్రితం నీ ఫిజియోథెరపీ క్లినిక్కు మెట్లు పీతలా అడ్డంగా ఎక్కి వచ్చానే, అప్పుడెలా ఉన్నానో అలా. ఎప్పటికీ అక్కర్లేదు. శనివారం దాకా. ఇవాళ బుధవారం. మూడంటే మూడు రోజులు.

… పిచ్చా? పిచ్చయితే వేరే డాక్టరుకి చేసేవాణ్ణి. విను.

నా ఉద్యోగం ఏంటి? … ఆ, అదే. మీ నాన్నగారి భాషలో 'కూర్చుని తినేవాడు'. నిజమే కదా, కూర్చుంటేనే నాకు తిండి. శిల్పం నేర్చుకునే పిల్లల ముందు చొక్కా విప్పి, బల్ల మీద, కదలకుండా. రోజుకి ఐదు గంటలు. కుర్చీ కోసం కొట్టుకునేవాళ్ళని చాలామందిని చూశాను కానీ, కుర్చీ చేత కొట్టించుకుంటున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

ఈసారి పదకొండుమంది పిల్లలు. ఆఖరి ఏడు. పరీక్షకి ఒకటే విషయం, 'కూర్చున్న మనిషి'. నిలువెత్తు మట్టిబొమ్మ. కూర్చున్నవాడికి నిలువెత్తేంటని అడక్కు, నేనూ అడిగి తిట్లు తిన్నా. తొమ్మిది వారాల నుంచి నన్ను చూసి చేస్తున్నారు. శనివారం బయటినుంచి ముగ్గురు పెద్దలొస్తారు. బల్ల మీద నన్నొకసారి చూస్తారు, పక్కన బొమ్మనొకసారి చూస్తారు, మార్కులేస్తారు.

… వస్తున్నా, తుంటి దగ్గరికే వస్తున్నా. నువ్వు వినడానికీ నేను చెప్పడానికీ మధ్య ఈ అరుపులేంటి? … నేనా అరుస్తున్నది? … సరే, తగ్గిస్తా.

బొమ్మలు మొదలెట్టిన రోజు నేనెలా కూర్చున్నాను? బరువంతా కుడి పిర్ర మీద వేసి, ఎడమ పక్క కాస్త లేచి, కుడి భుజం కిందికి జారి… పై బందు ఊడిన తలుపులా. రోజూ అదే చోట, అదే తీరున కూర్చోవాలని బల్ల మీద నా పిర్రల చుట్టూ సుద్దతో గీత గీస్తారు. కుడి గీత పళ్ళెమంత, ఎడమ గీత సాసరంత. అందులోనే కూర్చోవాలి. అందరికీ తలరాత ఉంటుంది, నాకు పిర్రగీత కూడా ఉంది.

నాలుగో వారానికి నొప్పి పిర్రలోంచి తొడ వెనకగా పిక్క దాకా దిగింది. కూర్చుంటే కుంపటి. భోజనం నిలబడి. టీవీ నిలబడి. మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుంటే తప్ప నిద్ర లేదు. ఇంటికొచ్చిన చుట్టాలు నేనెంతకీ కూర్చోకపోయేసరికి, పొమ్మంటున్నాడేమో అనుకుని లేచి వెళ్ళిపోయారు. ఆ ఒక్కదానికి మీ అక్క సంతోషించింది. అప్పుడు కదా నీ దగ్గరికొచ్చింది!

నువ్వేం చేశావు? … ఏం చేశావేంటి, బాగు చేశావు! పిర్ర లోపల చిన్న కండరం బిగుసుకుపోయి కాలి నరాన్ని నొక్కుతోందన్నావు. తుంటి మీద కొడితే మూతి పళ్ళు రాలాయంటే సామెత అనుకున్నా, పిక్క పట్టేస్తుందని నువ్వు చెప్పాకే తెలిసింది. వెల్లకిలా పడుకుని మడమ మోకాలి మీద వేసి లాక్కోమన్నావు. నడుమెత్తి దించమన్నావు. పక్కకి తిరిగి ఆల్చిప్పలా మోకాలు తెరిచి ముయ్యమన్నావు. గోడకీ పిర్రకీ మధ్య బంతి పెట్టి దొర్లించమన్నావు. అన్నీ చేశా. మీ అక్క సాక్షి. గోడ సాక్షి, సున్నం రాలిపోయింది.

… ముప్పై లెక్కపెట్టాను! … అబ్బా, సరే. ఒకటి, రెండు, పన్నెండు, ముప్పై. మధ్యలోవి మింగేవాణ్ణి. మీ అక్క చెప్పిందా? ఇంటి సాక్షి కూడా వాళ్ళ తమ్ముడి పక్షమే. అంకెలు మింగినా నొప్పి తగ్గింది కదా! రెండు పిర్రల మీదా సమానంగా కూర్చోవడం వచ్చేసింది కదా!

అదేరా కొంప ముంచింది.

పిల్లలు నడుం కింది భాగం మొదటి వారాల్లోనే చేసేశారు. తర్వాత అందరూ మొహం, చేతులు, మెడ. నా కింద ఏం జరుగుతోందో ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు, నా కింద నాకెలా కనిపిస్తుంది? నిన్న మేడం, మా శిల్పం మేడం, కొలత పుల్ల పట్టుకుని ఆఖరిసారి సరిచూస్తున్నారు. మొదటి బొమ్మ నడుం తప్పు. రెండోది తప్పు. మూడోది… పదకొండూ తప్పే. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొలిచారు. అప్పుడు నావైపు తిరిగి, "పదకొండుమంది ఒకేలా ఎలా తప్పుతారు? మీరే తప్పు" అన్నారు.

చూశావా? నలభై తొమ్మిదేళ్ళొచ్చాక, నేను నాలా లేనని తేలింది.

… చెప్తున్నా. ఇవాళ పొద్దున, "మునుపు కూర్చున్నట్టే కూర్చోండి, గీతలోకి రండి" అన్నారు. అంతే కదా అనుకుని వేశా బరువు కుడి పక్కకి. పది నిమిషాలు బాగానే ఉంది. ఇరవై నిమిషాలకి… ఎలా చెప్పను? పిర్రలో ఎవరో పొయ్యి వెలిగించి కాల్లోకి పొగ వదిలినట్టు. పళ్ళ బిగువున కూర్చున్నా. బెల్లు కొట్టారు. దిగాను. దిగానంటే, నేను దిగాను, కుడికాలు దిగలేదు. మొద్దుబారి ఎక్కడో ఉండిపోయింది. పడబోయి పక్కనున్నవాడి చెయ్యి పట్టుకున్నా.

… పక్కనున్నవాడు అంటే నేనే. మట్టి నేను. ఒక పిల్ల చేస్తున్న బొమ్మ. … లేదు, నేను పడలేదు.

నా చెయ్యి ఊడి నా చేతిలోకొచ్చింది.

… ఇప్పుడు నవ్వుకో. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. ఆ పిల్ల… ఎప్పుడూ కొప్పులో పెన్సిలు గుచ్చుకుని తిరుగుతుంది, పెన్సిలనే పిలుస్తాం… నావైపు చూసింది. ఏడవలేదు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మీకేమైనా తగిలిందా అంకుల్" అంది. ఆ చెయ్యి ఇంకా నా దగ్గరే ఉంది, తడి గుడ్డలో చుట్టి. ఏం చెయ్యాలో తెలీక, నా చెయ్యి నేనే పట్టుకుని ఇక్కడికొచ్చి దాక్కున్నా.

… ఇప్పుడా? ఇప్పుడు కాలు వచ్చింది. జుమ్మంటోంది, చీమలు పాకినట్టు. … ఒంటికీ రెంటికీ ఇబ్బందా? లేదు. … తొడల మధ్య తిమ్మిరా? ఒరేయ్, బావనడిగే ప్రశ్నేనా ఇది! … అడగాల్సిందే అయితే అడుగు. లేదు. అక్కడంతా క్షేమం.

… వేళ్ళ మీద లేవాలా? ఉండు, నాలుగో ఏటివాడి భుజం పట్టుకుంటా… కుడికాలు… లేచా. ఊగుతున్నా గానీ లేచా. … మడమ మీద? … ఆ, అదీ అయింది.

అంటే నరం బాగానే ఉందా? … హమ్మయ్య. … 'ఇవాళ్టికి' అంటావేంటి? ఆ ముక్క వెనక్కి తీసుకో.

— అందుకే అడుగుతున్నా. నొప్పి లేని వంకర కావాలి నాకు. ఏదైనా సూది… నువ్వు సూదులివ్వవని తెలుసు, ఇచ్చేవాళ్ళని చెప్పు. … పోనీ బెల్టు? … ఎడమ పిర్ర కింద గుడ్డ మడత పెట్టుకుంటే? … ఓహో. ఎత్తు పెట్టినా బరువు పడేది కుడి మీదే. … అవునులే.

పదిహేను గంటలురా. రోజుకి ఐదు చొప్పున మూడు రోజులు. పదిహేను గంటల్లో మనిషికేమవుతుంది?

…

తిట్టు పోనీ.

… నాకు తెలుసు. ఇరవై నిమిషాలకే కాలు పోయినవాడికి పదిహేను గంటలంటే ఏంటో నాకు తెలుసు. కానీ నా వల్ల కాదంటే, "సరే, మీరిక లేవండి" అంటారు. ఆ మాట విన్నాక నేనెక్కడ కూర్చోను?

నాకేం వచ్చురా? గోడలకి రంగులేసేవాణ్ణి. ఈ హాలు గోడకే రంగు వేస్తూ కాసేపు బల్ల మీద కూర్చున్నా. మేడం చూసి, "అలాగే ఉండండి, కదలకండి" అన్నారు. తొమ్మిదేళ్ళు దాటింది, ఇంకా కదలమన్లేదు. ఇప్పుడు మళ్ళీ నిచ్చెనెక్కమంటే ఈ తుంటితో ఎక్కనా? కూర్చుని తింటే కొండలు కరుగుతాయంటారు. నాకు కొండల్లేవు గనక కండలు కరిగాయి.

… లేదు. మేడంకి నొప్పి సంగతి చెప్పలేదు. … ఎవరికీ చెప్పలేదు. కూర్చోవడమే పనైనవాడు కూర్చోలేకపోతున్నానని ఎలా చెప్తాడు? ఈత నేర్పేవాడు నీళ్ళంటే భయమన్నట్టు. పిల్లలు నన్ను భలే సరదా మనిషనుకుంటారు. ఎలాగనుకున్నావు? నొప్పి లేచినప్పుడల్లా ఒక జోకు వేసేవాణ్ణి. వాళ్ళు నవ్వే సందులో కాస్త కదిలి సర్దుకోవచ్చు.

ఈ తొమ్మిది వారాల్లో చాలా జోకులు వేశాన్రా.

… ఏంటి? … ఈ బొమ్మలా? ఇవి పాతవి. వీటికి నొప్పుల్లేవు. … ఆ, తొమ్మిదీ కూర్చున్నవే. ప్రతి ఏడూ అదే పరీక్ష. చేతులు మారతాయి, ఒకడు గడ్డం కింద పెట్టుకున్నాడు, ఒకడు మోకాలి మీద. కింది భాగం ఒకటే. … ఏది ఏ ఏడాదిదో ఎలా తెలుస్తుందా? కింద చెక్కి ఉంటుంది.

… మొదటివాడి దగ్గర నిలబడ్డా. … నడుం పక్కన ఎముక గట్టా? ఉంది. అక్కణ్ణించి బల్ల దాకా. … స్కేలెక్కడిది ఇక్కడ? బెత్తెలతో కొలుస్తా. కుడివైపు… ఒకటి, రెండు, మూడు బెత్తెలకి వేలు తక్కువ. ఎడమవైపు… మూడు బెత్తెలకి వేలు తక్కువ. సమానం. ఇందుకేనా?

… రెండోవాడు. సమానమే. … మూడోవాడు. కుడి… ఎడమ… ఇదేంటి? ఎడమ పక్క అర వేలు ఎక్కువ. ఆ ఏడు పిల్లాడెవడో సరిగ్గా చెయ్యలేదు. … నాలుగు. అర వేలు. ఐదు…

ఐదు, ఒక వేలు.

ఆరు… ఉండు, దుమ్ము… ఒక వేలు. ఏడు, వేలున్నర. ఎనిమిది, వేలున్నర దాటింది. పోయినేటివాడు…

రెండు వేళ్ళురా.

…

ఆ, ఉన్నా. లైన్లోనే ఉన్నా.

ఒరేయ్, ఒక్కొక్కడూ ఒక్కో ఏడు, ఒక్కో పిల్లాడి చేతిలో తయారైనవాడు. ఆ పిల్లలకి ఒకరి మొహం ఒకరికి తెలీదు. అన్ని చేతులు కూడబలుక్కుని అబద్ధమాడవు కదా. అంటే ఇది నేను పెట్టిన భంగిమ కాదా? నేనే… మెల్లగా… ఏడాదికింత చొప్పున… ఒరిగిపోతూ వచ్చానా?

ఐదోవాడికి బహుమతొచ్చింది, తెలుసా? ఆ ఏడంతా గుమ్మం ముందు పెట్టారు. కింద 'భారం' అని పేరు. చూసినవాళ్ళంతా బతుకు భారం అనుకుని తలలూపారు. కుడి పిర్ర భారం అని ఎవరికీ తెలీదు. నాకే తెలీదు. మేడం ఏటేటా పిల్లలకి చూపించి, "ఈ ఒరుగులో ఎంత జీవముందో చూడండి" అనేవారు. నేను కూడా కాలరు సర్దుకునేవాణ్ణి. చొక్కా లేదు గానీ, ఉంటే సర్దుకునేవాణ్ణి.

ఇంకోటి చెప్పనా? మొదటివాడి మొహం చూస్తున్నా. దవడ వదులుగా ఉంది. ఏదో అనబోతున్నాడు, తుంటరి వెధవ. పోయినేటివాడి దవడ బిగుసుకుని ఉంది. అందరూ అది ఆలోచన అనుకున్నారు. నేనూ అనుకున్నా, నాకింత ఆలోచన ఎక్కడిదా అని! అది ఆలోచన కాదురా, పళ్ళ బిగువు. పిల్లలు కళ్ళకి కనపడింది చేశారు. నేనే ఒక్కసారి కూడా వచ్చి చూసుకోలేదు.

… ఏడవట్లేదు. ప్లాస్టరు దుమ్ము.

… మళ్ళీ చెప్పు? 'మూడు రోజుల్లో నిన్ను వంకర చెయ్యలేను బావా, దానికి తొమ్మిదేళ్ళు పడుతుంది.' … హ! … బాగుంది. నాకు తోచనందుకు కుళ్ళుగా ఉంది.

— తలుపు… మేడం. పెట్టెయ్యకు. లైన్లోనే ఉండు, నాకు ధైర్యంగా ఉంటుంది.

… ఇక్కడే ఉన్నా మేడం. లేదు, దాక్కోలేదు. అంటే… దాక్కున్నాను.

… మేడం, ఒకటి చెప్పాలి. జోకు కాదు. నేను ఆ పాత కూర్చోవడం కూర్చోలేను. … మనసు లేక కాదు మేడం, తుంటి రాక. నొప్పి సణుగుడు నాలుగైదేళ్ళ నుంచీ ఉంది, ఈ మధ్య అరుపులోకి దిగింది. మీకు చెప్పలేదు. తప్పే. చెప్తే ఇంకొకర్ని పెట్టుకుంటారని భయం. ఐదు వారాల నుంచి వైద్యం చేయించుకుంటున్నా. అందుకే కొలతలు మారాయి. మీరు నిన్న నేనే తప్పన్నారు… నేను ఇన్నేళ్ళలో ఇప్పుడే సరిగ్గా కూర్చుంటున్నా మేడం.

… ఇదిగో, ఇక్కడ చెయ్యి పెట్టి చూడండి. మొదటివాడికి. ఇప్పుడు పోయినేటివాడికి. … మధ్యలోవాళ్ళకి కూడా. తొందరేం లేదు.

— ఒరేయ్, మెల్లగా చెప్తున్నా. కొలుస్తున్నారు. … ఐదోవాడి దగ్గర ఆగిపోయారు. బహుమతి కాగితం ఇంకా అంటించే ఉంది. దాని మీద వేలు పెట్టి నిలబడ్డారు.

… ఆ, మేడం. … అయ్యో, మీరెందుకు ఆ మాట… మీకెలా తెలుస్తుంది, మోస్తున్నవాడికే తెలీనిది.

… పిల్లల సంగతా? నాకొకటి తోచింది మేడం. ఈ పోయినేటివాణ్ణి తీసుకెళ్ళండి. వాళ్ళు చేసిన నడుం వీడిదే, రెండు వేళ్ళ వంకర. తోపుడుబండి మీద హాల్లోకి పట్టుకెళ్ళి నా బల్ల మీద పెట్టండి. పై భాగాలు ఎలాగూ అయిపోయాయి, కిందిది వీణ్ణి చూసి పూర్తి చేసుకుంటారు. శనివారం పెద్దలకి కూడా వీణ్ణే చూపించండి. వీడికి నొప్పి లేదు. మధ్యలో టీ అడగడు. జోకులెయ్యడు.

… మరి నేనా?

…

ఆ. … అలాగే మేడం. … అలాగే.

— వెళ్ళారు. … "శనివారం దాకా రాకండి, విశ్రాంతి తీసుకోండి, తర్వాత చూద్దాం" అన్నారు. … చూద్దాం అంటే ఏంటో నీకూ తెలుసు, నాకూ తెలుసు. తొమ్మిదేళ్ళు నన్ను చూడడమే వాళ్ళ పని, ఇవాళ్టి నుంచి 'చూద్దాం'.

… లేదురా, ఆవిడ మంచిదే. కళ్ళజోడు తీసి తుడుచుకోవడం చూశా. కానీ నా పీటకి నేనే ఎసరు పెట్టుకున్నా కదా. కూర్చున్న కొమ్మని నరుక్కున్నవాడు నాకంటే నయం, కనీసం కొమ్మతో పాటు కింద పడ్డాడు. నా కొమ్మ అక్కడే ఉంటుంది, దాని మీద వేరేవాడు కూర్చుంటాడు.

… బండి చప్పుడు. వచ్చేశారు పిల్లలు. … జాగ్రత్త బాబూ, తలుపుకి చెవి కొట్టుకునేను! నా చెవే అది. … పోతున్నాడు. నా ఉద్యోగానికి నేను బండెక్కి వెళ్ళిపోతున్నా, నేనిక్కడే ఉండిపోయా.

… ఇంటికెళ్తే మీ అక్క ఏమంటుందో తెలుసా? ఇంత పెందలాడే వచ్చారేంటి, కూర్చోండి, అంటుంది. ఇక రోజంతా కూర్చోవచ్చు. అడిగేవాడు లేడు, గీత గీసేవాడు లేడు…

— ఎవరూ? … పెన్సిలు. ఉండరా.

… రా అమ్మా. ఇదిగో, నీ చెయ్యి. నా చెయ్యి. తడి ఆరనివ్వలేదు. వేళ్ళు కూడా చెదరలేదు, చూసుకో. … క్షమించు తల్లీ. పోయినేటివాణ్ణి పట్టుకెళ్ళారు కదా, నువ్వూ అక్కడికెళ్ళి… ఏంటీ?

… నడుం కూడా పగిలిందా? నేను లాగినప్పుడా? … నేను చూడలేదమ్మా. … మొత్తం మళ్ళీ కట్టాలా? ఈ మూడు రోజుల్లో? సరే, ఎలాగూ కడుతున్నావు కదా, వాణ్ణి చూసి…

… వాడొద్దా?

… నేనా?

… అమ్మా, నేనిప్పుడు మీ బొమ్మల్లా లేను. మిగతా పదీ ఒరిగి ఉంటాయి, నీదొక్కటే నిటారుగా ఉంటుంది. పెద్దలు అడుగుతారు. … మేడంని అడిగావా? ఏమన్నారు? … 'ఆయన ఒప్పుకుంటే' అన్నారా.

ఒక్క నిమిషం తల్లీ. నా తుంటి యజమాని లైన్లో ఉన్నాడు.

— విన్నావా? అంతా విన్నావా? … ఎంతసేపు కూర్చోవచ్చు, చెప్పు. … ఇవాళ అసలు కూర్చోకూడదు. సరే. రేపట్నుంచి… ఇరవై నిమిషాలు కూర్చుని ఐదు నిమిషాలు నడవాలి. … రెండు పాదాలూ నేలకి ఆనాలి. కాలు మీద కాలు వెయ్యకూడదు. కింద మెత్త. … మొత్తం కలిపి రోజుకి రెండు గంటలు, అంతే. మళ్ళీ మొద్దుబారితే అక్కడికక్కడే ఆపి నీ దగ్గరికి రావాలి. … మొద్దుబారకపోయినా రావాలి. ఇవాళ సాయంత్రమే. వస్తా. అంకెలు మింగను. వస్తా.

… అమ్మా, విన్నావు కదా. ఇరవై నిమిషాలు కూర్చుంటా, లేస్తా. మళ్ళీ కూర్చుంటా, మళ్ళీ లేస్తా. రోజుకి రెండు గంటలే, రేపు పొద్దున్నుంచి. ఎలా చాలుతుంది నీకు?

…

ఏమన్నావు?

… సరే. వెళ్ళు. వెళ్ళి మట్టి తడుపుకో.

— వెళ్ళింది. … ఏమందంటే… "తొమ్మిది వారాలు మిమ్మల్నే చూశాను అంకుల్. మీరు జోకు వేసే ముందు దవడ ఎలా బిగుస్తుందో నాకు తెలుసు. జోకు రాని మొహం ఒక్కసారి చెయ్యాలని ఉంది" అంది.

…

ఏం లేదు. ఒక్క జోకూ తోచట్లేదు. తారీఖు రాసిపెట్టుకో.

… ఇప్పుడేనా? ఇక్కడా? నేలంతా దుమ్ము. … సరే, చొక్కా పరుస్తా. రెండు చేతులూ కావాలి కదా, నిన్నెక్కడ పెట్టను? ఉండు, స్పీకరు నొక్కి… ఎనిమిదోవాడి ఒళ్ళో… జారిపోయింది. వంకర వెధవ. ఏడోవాడు… వీడూ అంతే. ఆగు, మొదటివాడి దగ్గరికెళ్తా… ఆ. వీడి ఒళ్ళో నిలబడింది.

వినపడుతోందా? … పడుకున్నా. కుడి మడమ ఎడమ మోకాలి మీద. చేతులు తొడ వెనక. మెల్లగా లాక్కుంటున్నా… అమ్మా! … ఏం లేదు. లాగుతోంది, కాలట్లేదు. లెక్కపెట్టు. గట్టిగా.

…

ఆగాగు. పన్నెండు తర్వాత ముప్పయ్యా? నా మీద జాలిపడ్డావా? … మింగకురా. మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టు.